నూకాలు ఎందుకు అరవలేదు

జీడితోట వెనక కల్లంలో జంతువుల పిల్లలకి ఒక బడి ఉండేది. అక్షరాల బడి కాదు. ఇంకా తల్లి చాటు వదలని పిల్లలకి అక్షరాలతో పనేముంది? పంతులమ్మ నాంచారమ్మ అనే ముసలి గేదె. పాడుబడ్డ పశువుల సాల గోడ ఒకటి, దాని కింద నాలుగు మూకుళ్లు. ఒక మూకుడులో ఎర్రమన్ను, ఒకదాన్లో పసుపు, ఒకదాన్లో ఆకుపసరు, ఇంకోదాన్లో బొగ్గుపొడి కలిపిన నీళ్లు. బడి సామానంతా అంతే.

పొద్దున్నే వచ్చిన ప్రతి పిల్లనీ నాంచారమ్మ ఒక్కటే అడిగేది. "ఇయ్యాల నీ కడుపులో ఏటుంది?"

కోపం ఉంటే ఎర్రమన్నులో కాలు ముంచి గోడ మీద అచ్చు వెయ్యాలి. సంతోషమైతే పసుపు, దిగులైతే పసరు, భయమైతే బొగ్గు. ఎర్ర అచ్చు వేసిన పిల్ల కల్లం చుట్టూ మూడు చుట్లు పరిగెత్తి రావాలి. నల్ల అచ్చు వేసిన పిల్ల నాంచారమ్మ డొక్కకి ఆనుకుని, ఊపిరి కుదుటపడేదాకా కూచోవాలి. ఆ తరవాత ఆటలూ పాటలూ. ఏ పిల్ల కడుపులో ఏముందో చూసిన వాళ్లకి చూసినంత గోడ మీదే కనపడేది.

కానీ చూసిందెవరు? పెద్దలకి కనపడింది మరకలు, వినపడింది గోల.

అందరికంటే ఎక్కువ సిగ్గుపడింది కోడి పైడమ్మ. దాని ఆఖరి పిల్ల నూకాలు ఇంత నలుసు. ఎండుటాకు రాలినా కీచుమనేది. రోజూ నల్ల అచ్చే.

"మా గుంటకి ధైర్యం ఎప్పుడొస్తాది నాంచారమ్మా?" అంది పైడమ్మ ఒకరోజు.

"నిన్న వందసార్లు అరిచింది. ఇయ్యాల తొంభై. వస్తాదిలే."

"పక్కూరి కోళ్లు నవ్వుతున్నాయి."

"నవ్వనీ. అరిచే పిల్ల ఎక్కడుందో తల్లికి తెలుస్తాది."

ఈ మాట పైడమ్మ చెవికి ఎక్కలేదు. మా పిల్ల, మా పరువు అనుకునే వాళ్ల చెవికి ఇలాంటివి ఎక్కవు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సరిగ్గా ఆ వారంలోనే చిదంబరం దిగాడు. చిదంబరం నక్క. మెడలో కండువా, ముక్కు మీద అద్దాలు, నేల మీద జీరాడే బారెడు తోక. నక్కని బడిలోకి ఎలా రానిచ్చారని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. మాంసం మానేసి జీడిపళ్లు తింటున్నానన్నాడట. రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడాడట. అంతే, పెద్దలు కూచోడానికి గడ్డి పరిచారు.

"డిసిప్లిన్ లేదు," అన్నాడు చిదంబరం గోడ వంక చూసి. "మంచి బడి అంటే బయట నిలబడితే లోపల పిల్లలున్నట్టు తెలియకూడదు. నెల్లాళ్లు నాకు అప్పగించండి."

"అరవకుండా చేస్తారా?" అన్నాడు పంది సింహాద్రి. వాడి కొడుకు బొండు నాలుగు వీధులకి వినపడేలా ఏడుస్తాడు.

"నొప్పేసినా అరవరు. భయమేసినా అరవరు. నవ్వొచ్చినా పళ్లు కనపడవు."

"నవ్వు ఉంటే ఏటి పోయింది బాబూ?" అంది నాంచారమ్మ.

"ఇదిగో, ఈ ఎదురు ప్రశ్నలే పిల్లలకీ అంటుకున్నాయి," అన్నాడు చిదంబరం. పెద్దలందరూ తలలూపారు.

మర్నాడే గోడకి తెల్లగా సున్నం కొట్టించారు. నాంచారమ్మని పిల్లలకి నీళ్లు మోసే పనిలో పెట్టారు. మూకుళ్లు పారెయ్యమన్నారు. మూడు పారేసింది. బొగ్గు మూకుడు మాత్రం నీళ్ల కుండల చాటున దాచింది. ఎందుకు దాచావంటే, "ఆ పిల్లలకి ఇక దాంతోనే పని పడేలా ఉంది" అందట.

చిదంబరం మొదటి పాఠం ఇది. పిల్లలు వరసలో నిలబడాలి. ఎవరి కాలైనా తొక్కుతాడు. అరవకపోతే మంచి పిల్ల. అరిస్తే చెడ్డ పిల్ల, ఆ రోజు తల్లి పేరు తలవకూడదు. అది వచ్చాక ధైర్యం పాఠం. ఒక పిల్లని నోట కరుచుకుని పదడుగులు నడిచి దించుతాడు. మొదటిరోజు కల్లం దద్దరిల్లింది. పదోరోజుకి గుసగుస. ఇరవయ్యో రోజుకి ఏమీ లేదు. పిల్లలు ఇంటికి వచ్చి తిన్నారు, పడుకున్నారు, లేచారు. నూకాలు నెత్తి మీద గద్ద నీడ పడినా కిక్కురుమనలేదు.

పైడమ్మ ఊరంతా తిరిగి చెప్పుకుంది. "మా గుంట ఎంత బుద్ధిమంతురాలైపోయిందో చూడండి."

నెల తిరిగేసరికే, ఏడాది కాకపోయినా, వార్షికోత్సవం పెట్టారు. పట్టపగలు, మంచి ఎండ. పెద్దలంతా కల్లం అంచున బారుగా కూచున్నారు. తెల్లగోడ ముందు పన్నెండుమంది పిల్లలు, కొలువులో పెట్టిన బొమ్మల్లా.

చిదంబరం వెళ్లి బొండు కాలు తొక్కాడు. బాగా తొక్కాడు. బొండు కళ్లలోంచి నీళ్లు కారాయి, నోట్లోంచి ఏమీ రాలేదు.

"నా కొడుకేనా!" అన్నాడు సింహాద్రి పొంగిపోతూ. అందరూ గిట్టలు కొట్టారు.

"ఇప్పుడు ధైర్యం పాఠం," అన్నాడు చిదంబరం. వరసంతా ఓసారి చూసి నూకాల్ని నోట కరుచుకున్నాడు. నూకాలు కళ్లు పెద్దవి చేసింది. అరవలేదు. పైడమ్మ రెక్కలు టపటపలాడించి, "చూశారా, చూశారా" అంటూ పక్కనున్న మేకని పొడిచింది.

చిదంబరం నడిచాడు. అయిదడుగులు. పదడుగులు. అక్కడ దించాలి.

దించలేదు.

పదకొండు, పన్నెండు. జీడితోట వైపు తిరిగాడు. పెద్దలు ఇంకా గిట్టలు కొడుతూనే ఉన్నారు. పరిగెడితే అనుమానం వస్తుందని వాడు అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. నక్క నోట్లో కోడిపిల్ల, తోటలోకి పోతోంది, తల్లి చప్పట్లు కొడుతోంది. ఇంతమంది కళ్లెదుట, ఇంత వెలుతుర్లో.

తెలిసింది పిల్లలకే. పదడుగుల లెక్క వాళ్ల ఒంటికి తెలుసు. బొండు నోరు తెరిచాడు. నెల్లాళ్లు మూసిన నోరు, గొంతు రాలేదు. వాడు కుంటుకుంటూ నీళ్ల కుండల చాటుకి వెళ్లి, నీళ్లకి వెళ్లినప్పుడల్లా చూసిన బొగ్గు మూకుడులో కాలు ముంచి, తెల్లగోడ మీద అచ్చు వేశాడు. వెనకే మేకపిల్ల. వెనకే బాతుపిల్ల. చప్పుడు లేకుండా పదకొండుమంది పిల్లలు గోడంతా నల్లగా చేసేశారు.

"అయ్యయ్యో, సున్నం పాడైపోతోంది," అంది మేక.

నీళ్లు మోస్తున్న నాంచారమ్మ తలెత్తి గోడ చూసింది. అన్నీ నలుపే. ఒక్క నూకాలు అచ్చే లేదు. తోట వైపు చూసింది.

ముసలి గేదె పరిగెత్తదు. దానికి ఆ అవసరం కూడా రాలేదు. దర్జాకి తోక జీరాడిస్తూ నడిచే వాడిని అందుకోడానికి నాలుగు అంగలు చాలు. వెనకనుంచి వెళ్లి, ఆ తోక మీద కాలు పెట్టి నిలబడింది.

"నొప్పేస్తోందా మాస్టారూ? అరవకూడదు. పెద్దలు చూస్తున్నారు."

చిదంబరం కళ్లు తేలేశాడు. ఒక్క క్షణం ఓర్చుకున్నాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. నాంచారమ్మ బరువంతా ఆ కాలి మీద వేసింది. అప్పుడు కుయ్యోమని పెట్టిన కేక పక్కూరికి వినపడింది. నోరు తెరుచుకుంది, నూకాలు గడ్డిలో పడింది. తోక కుచ్చు గిట్ట కింద వదిలేసి, అద్దాలు ఒక పక్క, కండువా ఒక పక్క పారేసి, ఏడుస్తూ తోటలో పడి పారిపోయాడు నొప్పికి అరవకూడదన్న మాస్టారు.

అప్పటికి గాని పైడమ్మ రెక్కలు ఆగలేదు. పిల్ల దగ్గరికి ఉరికింది. నూకాలు మెడ మీద రెండు పంటి గాట్లు. బతికే ఉంది. అలా చూస్తోంది.

"ఒలే, నువ్వెందుకు అరవలేదే?" అంది పైడమ్మ.

నూకాలు తల్లి రెక్కల వంక చూసింది. "నువ్వు చప్పట్లు కొడతన్నావు కదమ్మా," అంది.

సింహాద్రి తన కొడుకు కాలు వంక చూసి, చూడలేక తల తిప్పుకున్నాడు.

నాంచారమ్మ వచ్చి, బొగ్గు మూకుడు పిల్ల ముందుకి జరిపింది. "నూకాలూ, ఇప్పుడు నీ కడుపులో ఏటుంది?"

నూకాలు కాలు ముంచి గోడ కింద అంచున ఇంతే అచ్చు వేసింది. వేసి, కీచుమంది. ఇంక ఆగలేదు. పొద్దు వాలేదాకా ఏడ్చింది, ఎవరూ ఊరుకోమనలేదు. పైడమ్మ మూకుడులో తన కాలు కూడా ముంచి, పిల్ల అచ్చు పక్కన అచ్చు వేసింది. ఆ గోడకి మళ్లీ సున్నం కొట్టలేదు.

నీతి: పిల్ల ఏడుపు మాన్పించేవాడు దాని భయాన్ని తీసెయ్యడు, నీకు వినపడకుండా చేస్తాడు.