చీపురు తగలని తోట

తెల్లగుట్లపాడు కుప్పాలమ్మ తల్లి గుడికి వచ్చే భక్తులు కొబ్బరికాయ మరిచినా ఫర్వాలేదు గానీ, ఇంటి నుంచి గుప్పెడు ఎండుటాకులు తేవడం మరవరాదు. గుడి వాకిలి అద్దంలా ఉంటుంది. వెనుక ఉన్న చామంతి తోటలో మాత్రం మడమ లోతున ఆకులు పరుచుకుని ఉంటాయి. కొత్తవారు ముక్కు విరిచి పూజారిగారిని నిలదీయడమూ కద్దు. ఆయన నవ్వి, గర్భగుడి ద్వారం పక్కన మేకుకు వేలాడే చీపురును చూపిస్తారు.

పూర్వం ఇక్కడ అమ్మవారికి పూలసేవ చేసే ఇంటికి నాంచారమ్మ అనే కోడలు వచ్చింది. ఆమె ఊడ్చిన నేల మీద అన్నం పెట్టుకుని తినవచ్చని ఊరంతా మెచ్చుకునేది. ఆ మెప్పు ఆమెకూ ఇష్టమే. అత్తగారు గోవిందమ్మ తోటలో ఆకులను రాలినచోటే వదిలేసేది, అమ్మవారి వాడిన దండలను గోడ మీదుగా అవతలికి విసిరేసేది. కోడలికి అది చూసి ఒళ్లు మండింది. మర్నాటి నుంచే ఆకు అన్నది కనబడకుండా ఊడ్చి తగలబెట్టింది, దండలను వాగులో కలిపింది.

రెండేళ్లు తిరిగేసరికి తోట పాలిపోయింది. ఈనెలు పచ్చగా ఉన్నా ఆకులు పసుపు తిరిగాయి. ఎన్ని కడవలు పోసినా ఆ సున్నపునేల పూటకే ఎండిపోయేది. కార్తిక పున్నమి కొలుపుకు ఈ తోట చామంతులతోనే ఏడు మూరల మాల కట్టాలన్నది కట్టడి. కిందటేడు నాలుగు మూరలే వచ్చింది. ఈసారీ తక్కువైతే పూలసేవ వేరే ఇంటికి అప్పగిస్తామని పెద్దలు తేల్చి చెప్పారు. తరతరాల సేవ తన చేతి మీదుగా పోతుందని నాంచారమ్మ కుమిలిపోయింది. ఏం చేయాలో తోచక, మరింత శుభ్రంగా ఊడ్చింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం చీపురు పట్టుకునే ఆమె గోడకు చేరగిలి కునుకు తీసింది. కలలో పాలిపోయిన ముఖంతో ఒక ముత్తైదువ వచ్చి నిలబడింది.

“ఊడ్చావు, కడిగావు, సంతోషమే. నా కూడు తగలబెడతావేందే తల్లీ? గోడవతల మీ అత్త పారేసింది కాస్త మిగిలింది. అదన్నా పెట్టు.”

నాంచారమ్మ ఉలిక్కిపడి లేచి గోడ చుట్టి పరుగెత్తింది. పాత దండలు చివికి చివికి అక్కడొక నల్లని కుప్ప అయ్యాయి. దాని మీద ఎవరూ నాటని చామంతి ఒకటి నడుము ఎత్తున నవనవలాడుతోంది. మట్టి తవ్వి చూస్తే పిల్లవేళ్లు విరబోసుకున్న జుట్టులా ఉన్నాయి. ఆ మట్టికి తొలకరి వాసన వచ్చింది. ఆమె దాన్ని కడవలో నానబెట్టి, కషాయం రంగు తేలిన నీటిని మొక్కకొక ముంత చొప్పున పోసింది. మిగిలిన మట్టిని మొదళ్లలో వేసి, పైన ఆకులు కప్పింది.

పది రోజులకు కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. నేలలో సారం లేక కాదు, సున్నం దాన్ని పిడికిట బిగించింది. ఆకూ పువ్వూ చివికి చివరకు మిగిలే ఆ నలుపే పిడికిలిని వదిలించి సారాన్ని వేళ్లకు అందిస్తుందని, తడిని పట్టి ఉంచుతుందని, వేళ్లకు పిల్లవేళ్లు తొడుగుతుందని పెద్దలు చెబుతారు.

కొలుపునాటికి మాల పదకొండు మూరలు వచ్చింది. అమ్మవారి ముఖం పూలలో వెతుక్కోవలసి వచ్చింది. పెద్దలు గోవిందమ్మకు చేతులు జోడించి, ఇంత రహస్యం ఎలా తెలిసిందని అడిగారు.

“రహస్యమా పాడా! నడుం వంగక వదిలేశానయ్యా,” అంది ముసలమ్మ.

కొలుపంతా నవ్వులే. నాంచారమ్మ నవ్వుతూనే అత్త కాళ్లకు మొక్కి, తోట చీపురును ఆ మేకుకు తగిలించింది. కలలో కనబడి కుప్పను చూపిన తల్లిని నాటి నుంచి కుప్పాలమ్మ అన్నారు. పాత పేరు ఎవరికీ గుర్తులేదు. అమ్మవారూ అడగలేదు.

నేటికీ భక్తులు “తిను తల్లీ” అంటూ తోటలో ఆకులు వేసి, చిటికెడు నల్లమట్టిని ప్రసాదంగా తీసుకువెళతారు. దాన్ని తులసికోటలో కలిపిన ఇంట పచ్చదనం తరగదని, అత్తాకోడళ్లకు మాట కలుస్తుందని నమ్మకం. తొలి తీర్థం మాత్రం నడుము వంగని ముసలమ్మలదే. వరుసలో వారు ఎక్కడున్నా, నాంచారమ్మ ఇంటి కోడలు వారి దగ్గరకే వెళ్లి, ముందు తాను వంగి మొక్కి, ఆ తర్వాతే వారి దోసిట్లో తీర్థం పోస్తుంది.