బుర్రా వారి సైకిలుకి క్రాంకు కుదిరిన వైనం

నత్తలమెరకలో ప్రతి ఇంటికీ ఏదో ఒక కొరత ఉంది. తమ ఇంట్లో మాత్రం తెలివికి కొరత లేదని బుర్రా పేరయ్య స్వయంగా అందరికీ చెబుతుంటాడు. ఇంటిపేరులోనే బుర్ర ఉన్నప్పుడు విడిగా ఇంకొకటి ఎందుకని ఊరు కూడా ఒప్పేసుకుంది. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చెయ్యడం ఆ ఇంటి పద్ధతి. ఒకసారి భార్య అచ్చాయమ్మ "పాలు పొంగితే పిలవండి" అని పెరట్లోకి వెళ్ళింది. పేరయ్య పొయ్యి ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, పాలన్నీ పొంగి, పొయ్యి ఆరిపోయేదాకా చూసి, అప్పుడు పిలిచాడు. పొంగకముందే పిలిస్తే మాట తప్పినట్టు కాదూ?

ఆయనకి ఇద్దరు కొడుకులు, గవర్రాజు, బుల్లియ్య. పెద్దవాడు గవర్రాజుకి కొత్తగా పెళ్ళయింది. కోడలు మంగతాయారు ఆ ఇంట్లో కాస్త ఆలోచించి మాట్లాడే మనిషి. అందుకని ఇంటిల్లిపాదీ ఆమెని చూసి జాలిపడేవారు. "పాపం, ఈ పిల్లకి ఏదీ సరిగ్గా అర్థం కాదు" అనేది అచ్చాయమ్మ.

ఆ ఇంటికి ఉన్నది తాతలనాటి సైకిలు ఒక్కటే. పెడల్ని ఇరుసుతో కలిపే ఇనప చెయ్యి ఉంటుందే, దాన్నే క్రాంకంటారు, అది అరిగిపోయి వదులైంది. ఒకరోజు గవర్రాజు పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకుని తీర్థానికి బయల్దేరాడు. కాలవ గట్టు మీద క్రాంకు ఊడింది. అంతే! సైకిలు, మొగుడు, పెళ్ళాం, కొత్త పట్టుచీర, అందరూ కలిసి కాలవలోకి.

మంగతాయారు బురదలోంచి లేచింది. "చూడండీ, ఆ సైకిలు బాగుచేసుకుని ఆదివారం మధ్యాహ్నంలోగా మీరే తొక్కుకుంటూ మా ఊరు రండి. వస్తే ఎక్కుతాను. రాకపోతే నేనిక పుట్టింట్లోనే" అని, చీర పిండుకుని, పెదలంక దారి పట్టింది.

గవర్రాజుకి ప్రాణం ఉసూరుమంది. ఊళ్ళో అందరూ అతన్ని చూసి నవ్వుతారు, ఆమె ఒక్కతే అతనితో కలిసి నవ్వుతుంది. ఆ తేడా ఏమిటో అతనికి చెప్పడం రాదు గానీ, ఆ నవ్వు లేక ఇల్లు బోసిపోయిందని మాత్రం తెలిసింది.

వెంటనే బుల్లియ్య సంతకి పరిగెత్తి తళతళలాడే కొత్త క్రాంకు తెచ్చాడు.

"ఎలా ఎంచావురా?" అన్నాడు పేరయ్య.

"అందులో నా మొహం కనపడింది నాన్నా. మిగతావాటిలో కనపళ్ళేదు."

"అదీ తెలివంటే!" అని తండ్రి వీపు తట్టాడు. తీరా చూస్తే సైకిలు ఇరుసు కొస గుండ్రంగా ఉంది, కొత్త క్రాంకు కన్నం నాలుగు పలకలుగా ఉంది. పెట్టగానే జారి కింద పడింది. అచ్చాయమ్మ కొంగు బిగించి, "సందులో అరిసెల పాకం పొయ్యండి. మా పుట్టింటివాళ్ళ పాకం గట్టిపడితే గునపంతో కొట్టినా ఊడదు" అంది. పోశారు. పొద్దున్న ఉక్కులా పట్టింది. ఎండెక్కేసరికి పాకం కరిగి గవర్రాజు కాలికి చుట్టుకుంది. ఇంకేముంది, ఊళ్ళో చీమలన్నీ పెడలు తొక్కడానికి వచ్చాయి.

కాళ్ళు గోక్కుంటూ తండ్రీకొడుకులు ముగ్గురూ క్రాంకు పట్టుకుని టౌనులో మస్తాను సైకిలు షాపుకి వెళ్ళారు. మస్తాను మంచి పనివాడే గానీ, ఏ మాటా తిన్నగా చెప్పడు.

"సైకిలేదండీ?"

"దానికి ఒంట్లో బాలేదు కదా, నడిపించడం ఎందుకని ఇంట్లో ఉంచాం" అన్నాడు పేరయ్య.

మస్తాను నుదురు రుద్దుకున్నాడు. "క్రాంకుల్లో సవాలక్ష రకాలండీ. ఇరుసు దూరే అడుగు గొట్టం ఎంత వెడల్పు, దాని మర చుట్లు ఏ రకం, ఇరుసు ఎంత పొడవు, అన్నీ కలవాలి. ఒక్కో కంపెనీవాడు ఒక్కో కొలత పెట్టాడు. ఎవడికి వాడు తనదే అసలు కొలతంటాడు."

"మనలాంటివాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారన్నమాట" అని పేరయ్య సంతోషించాడు.

"ముందెళ్ళి ఆ గొట్టం కొలత తీసుకురండి."

వెళ్ళారు. బుల్లియ్య రెండు అరచేతులూ గొట్టానికి చెరోవైపు ఆనించి, ఆ ఎడం చెక్కుచెదరకుండా చేతులు ముందుకి చాపుకుని టౌనుకి బయల్దేరాడు. తండ్రి ముందు నడుస్తూ, "తప్పుకోండి, కొలత వస్తోంది!" అని అరుస్తున్నాడు. ముక్కు దురదెడితే అన్న గోకాడు. దాహమేస్తే తండ్రి నోట్లో పోశాడు. అలా సగం దారి వెళ్ళేసరికి మోటారుసైకిలు మీద సర్పంచిగారు ఎదురొచ్చారు.

"ఒరేయ్, పెద్దాయన! నమస్కారం పెట్టరా!" అన్నాడు పేరయ్య.

బుల్లియ్య పెట్టాడు. అంతే! రెండు చేతులూ కలిసిపోయాయి.

"నాన్నోయ్! కొలత పోయింది!"

ముగ్గురూ దుమ్ములో పడి వెతకడం మొదలెట్టారు. సర్పంచిగారు బండి దిగి, ఏం పోయిందో అడక్కుండానే కాసేపు తనూ వెతికి, దీని మీద కచ్చితంగా దర్యాప్తు చేయిస్తానని మాటిచ్చి వెళ్ళిపోయారు.

బుల్లియ్య చేతులు జోడించుకునే షాపులోకి వెళ్ళాడు.

"నాకు దణ్ణాలెందుకు బాబూ, కొలతేది?" అన్నాడు మస్తాను.

"ఇదేనండి. దారిలో కాస్త పోగా ఇది మిగిలింది."

మస్తాను చేతిలోని పానా కింద పెట్టేశాడు. "పేరయ్యగారూ, ఇది పెళ్ళి సంబంధం లాంటిదండీ. ఎక్కడివాళ్ళని అక్కడుంచి మాట్లాడితే తేలదు. రెండు వైపులవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అన్నీ కలిశాయని చూసుకున్నాకే ముడెయ్యాలి."

సైకిలు పట్టుకురమ్మని చెప్పడం అతని ఉద్దేశం. ఆ ఒక్క ముక్కా చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంకేముంది, బుర్రా వారింట్లో పెళ్ళిచూపులు. సైకిలుకి కుంకుడుకాయతో తలంటి, హ్యాండిలుకి బొట్టు పెట్టి, చాప మీద నిలబెట్టారు. ఎదురుగా పీట మీద క్రాంకు, పైన అచ్చాయమ్మ జరీ జాకెట్టు గుడ్డ. ఉప్మా చేశారు. ఆడపెళ్ళివారి తరఫున బుల్లియ్య మాట్లాడాడు, కొని తెచ్చింది వాడే కాబట్టి.

"పిల్ల తెల్లగా ఉంది. మనవాడే కాస్త నలుపు, పైగా తుప్పు" అంది అచ్చాయమ్మ.

"మగాడికి తుప్పేమిటే? సంపాదిస్తున్నాడా లేదా అది చూడు" అన్నాడు పేరయ్య. "ఏదీ, అమ్మాయిని ఒక పాట పాడమనండి."

బుల్లియ్య గరిటెతో కొట్టాడు. ఖంగుమంది.

"గొంతు బాగుంది!"

"అన్నీ కలిశాయంటావా నాన్నా?" అన్నాడు గవర్రాజు బెంగగా.

"నాకు నచ్చింది, మీ అమ్మకి నచ్చింది, ఉప్మా అయిపోయింది. ఇంకేం కలవాలిరా? పెళ్ళయ్యాక అవే సర్దుకుంటాయి."

పసుపుతాడుతో క్రాంకుని ఇరుసుకి మూడు ముళ్ళేసి కట్టారు. అక్షింతలు వేశారు. గవర్రాజు ఎక్కి తొక్కాడు. పావంచా దిగేలోపే మూడు ముళ్ళూ పుటుక్కుమన్నాయి. గవర్రాజు చిక్కుడు పాదులో పడి, అక్కడే కూర్చుని భోరుమన్నాడు. "రేపే ఆదివారం. మంగతాయారు ఇక రాదు. నా బతుకింతే!" అని ఏడుస్తుంటే అచ్చాయమ్మ కూడా ఏడ్చింది. బుల్లియ్యకి ఎందుకో తెలీకపోయినా వాడూ ఏడ్చాడు.

చివరికి సైకిలుని ముగ్గురూ భుజాన మోసుకుని షాపుకి తీసుకెళ్ళారు. మస్తాను ఒక్కసారి అడుగు గొట్టంలోకి చూసి, పలకల కొస ఉన్న ఇరుసు, గొట్టానికి రెండు వైపులా బిగించే కప్పులు, వాటిలోకి గోళీలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి మీ గొట్టానికి సరిపోతాయి, మీ క్రాంకు వీటికి సరిపోతుంది. వదిలేసి వెళ్ళండి, సాయంత్రానికి బిగించేస్తాను."

పేరయ్యకి పౌరుషం వచ్చింది. "మా ఇంట్లో ఇన్ని బుర్రలుండగా నువ్వు బిగించడమేంటయ్యా?"

"సరే, మీ ఇష్టం. ఎడం కప్పు మామూలే. కుడి కప్పుకి మాత్రం మర తిరగేసి ఉంటుంది, అందరిలా తిప్పకండి. కప్పు మీద పట్టు వదలకండి. బిగించాక మొదటిసారి మధ్యలో ఆగకుండా తొక్కండి, గ్రీజు సర్దుకుంటుంది."

ఈసారి మస్తాను తిన్నగానే చెప్పాడు. కానీ వినేది ఎవరు?

ఇంటికి తెచ్చి మొదలెడితే ఎడం కప్పు ఎలాగో ఎక్కింది. కుడి కప్పు దగ్గర పని ఆగింది. "అందరిలా తిప్పకూడదన్నాడు. అందరూ ఎలా తిప్పుతారో చూడందే మనకెలా తెలుస్తుంది?" అని పేరయ్య వీధివీధంతా పిలిపించాడు. వచ్చినవాళ్ళు వరసగా కుడి చేతి వైపు తిప్పి చూపించి వెళ్ళారు. పేరయ్య తలూపి, కప్పుని గొట్టం మూతికి ఆనించి, పానాతో బిగబట్టి కూర్చున్నాడు.

"తిప్పు నాన్నా" అన్నాడు గవర్రాజు.

"నేను తిప్పితే పట్టు వదలాలి కదరా. కప్పు కదలదు. మీరు సైకిలు తిప్పండి!"

అన్నదమ్ములిద్దరూ సైకిలుని ఎత్తి, అందరూ చూపించిన కుడి చేతి వైపుకే తండ్రి ముందు గిరగిరా తిప్పారు. హ్యాండిలు తగిలి నీళ్ళకుండ పగిలింది. వెనక చక్రానికి దండెం చుట్టుకుని అచ్చాయమ్మ చీరలన్నీ గాల్లో తిరిగాయి. కోళ్ళు ఇంటి కప్పెక్కాయి. పేరయ్యకి కళ్ళు తిరిగినా పట్టు వదల్లేదు. ఏం చిత్రమో, కప్పు బిగుసుకుంది! ఇరుసు కూర్చుంది. క్రాంకు దాని మీద అతికినట్టు పట్టింది. ఇంత అడ్డదిడ్డంగా చేసిన పని సరిగ్గా అయినందుకు ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది.

ఆదివారం పొద్దున్నే గవర్రాజు తెల్లచొక్కా తొడుక్కుని బయల్దేరాడు. పెడలు వెన్నలా తిరుగుతోంది. మధ్యాహ్నం కాకముందే పెదలంకలో మామగారి వాకిట్లోకి దూసుకెళ్ళాడు. మంగతాయారు అరుగు మీద ట్రంకుపెట్టె సర్దుకుని కూర్చుని ఉంది. అతన్ని చూడగానే ఆమె మొహం విచ్చుకుంది.

"వచ్చేశాను మంగతాయారూ!" అని గవర్రాజు ఆమె ముందునుంచే సాగిపోయి, ఇంటి వెనక్కి తిరిగి, అవతలి వైపునుంచి మళ్ళీ వచ్చాడు.

"ఎక్కడికండీ? దిగండి!"

"ఆగకూడదంట!" అని మళ్ళీ ఇంటి వెనక్కి.

"ఎవరన్నారూ?"

"మస్తాను! గ్రీజు సర్దుకోవాలంట! నువ్వు లేకపోతే నాకు..." అంటూ మలుపు తిరిగిపోయాడు. ఇంటి వెనకనుంచి ఏదో గొణుగుడు వినిపించింది. మళ్ళీ ప్రత్యక్షమయ్యేసరికి, "...అన్నం సయించట్లేదు! మా అమ్మ మీదొట్టు!"

మంగతాయారు కళ్ళు తుడుచుకుంది. కోపం ఎప్పుడు పోయిందో పోయింది. ఈ మనిషి ఆగడు, ఆగకూడదంటే ఆగడు, తనే ఎలాగో ఎక్కాలి అనుకుంది. అతను మళ్ళీ వచ్చేసరికి పక్కన పరిగెడుతూ పెట్టెని కారియరు మీద పడేసింది. కారియరు స్ప్రింగు టప్పుమని పెట్టెని కరుచుకుంది. "పెట్టె పెట్టానండీ! ఇంకో చుట్టు తిరిగి రండి, ఎక్కుతాను!"

వెనక బరువు పడగానే గవర్రాజు గుండె ఉప్పొంగింది. ఆ ఉప్పొంగడంలో మిగతా మాటలేవీ చెవికెక్కలేదు. "ఎక్కేశావా! గట్టిగా పట్టుకో!" అన్నాడు. ఇంకేముంది, సైకిలు గేటు దాటి రోడ్డెక్కింది.

దారి పొడుగునా కబుర్లే. కొలత పోయిన సంగతి చెప్పాడు, పెళ్ళిచూపుల సంగతి చెప్పాడు, ఇక జన్మలో కాలవలో పడెయ్యనని చెప్పాడు. ఆమె ఒక్కసారీ అడ్డురాలేదు. ఇంత బాగా తన మాట విన్నది ఇదే మొదటిసారని అతనికి పట్టరాని సంతోషమైంది.

ఇంటి దగ్గర అచ్చాయమ్మ హారతిపళ్ళెంతో ఎదురొచ్చింది. పేరయ్య, బుల్లియ్య పెట్టెని మెల్లగా దించి అరుగు మీద కూర్చోబెట్టారు.

"పుట్టింట్లో తిండి సరిగ్గా లేదేమో, ఇంతైపోయింది పిల్ల" అంది అచ్చాయమ్మ.

"మాట్లాడదేంటి?" అన్నాడు పేరయ్య.

"కోపం ఇంకా తీరలేదు నాన్నా. చూడు, తాళమేసుకుని కూర్చుంది" అని గవర్రాజు పెట్టె పక్కన చతికిలబడి బతిమాలడం మొదలెట్టాడు. పెరుగన్నం కలిపి పెట్టాడు, తినలేదు. విసనకర్రతో విసిరాడు. సాయంత్రమయ్యేదాకా మెత్తగా మూత నిమురుతూ జోలపాడాడు.

దీపాలు పెట్టే వేళకి మంగతాయారు చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా దుమ్ముతో, ఆయాసపడుతూ వచ్చి వాకిట్లో నిలబడింది. "ఏవండీ!" అని గట్టిగా కేకేసింది.

గవర్రాజు వెనక్కి తిరక్కుండానే నోటిమీద వేలేసుకున్నాడు. "ష్! మెల్లగా మాట్లాడండి. మా ఆవిడ ఇప్పుడే పడుకుంది."