ఎర్రునాయుడు కారు సీటు కుదుర్చుకున్న వైనం

గుమ్మళ్ళపాలెంలో ఎర్రునాయుడి ఇంటిల్లిపాదికీ ఒకటే గర్వం, ఎవరేం చెప్పినా తాము చెప్పింది చెప్పినట్టు చేస్తామని. ఊళ్ళో మిగతా జనం ఒకటి వింటే ఇంకొకటి చేస్తారట. ఆ తెలివితక్కువతనం తమ ఇంటా వంటా లేదని ఎర్రునాయుడు, అతని భార్య పైడితల్లి, తమ్ముడు సన్యాసి రోజుకోసారైనా చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు.

అలాంటి ఇంటికి కారొచ్చింది. మామూలు కారు కాదు, ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో వచ్చి, ఇంటి దగ్గరే బిగించుకునే కారు. పైన కప్పు కూడా లేదు. పట్నం నుంచి మెకానిక్కు బుజ్జిబాబు వచ్చి, నాలుగు రోజులు కూర్చుని అంతా బిగించాడు. డ్రైవరు సీటొక్కటీ వదిలేశాడు. అది తోలేవాళ్ళే తమకి కుదిరేట్టు చూసుకోవాలని, అనుమానం వస్తే ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడే పక్క ఊళ్ళో ఎర్రునాయుడి చెల్లెలి కొడుక్కి బారసాల. పదింటికి ముహూర్తం. తల్లి నూకాలమ్మకి మోకాళ్ళ నొప్పులు, రెండు కిలోమీటర్లు నడవలేదు. కార్లో తీసుకెళ్తానని కొడుకు మాటిచ్చాడు కదా, తెల్లారేసరికే పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎర్రునాయుడు చూస్తే సీటు ఇంకా బిగించనేలేదు. బుజ్జిబాబుకి ఫోన్ చేశాడు.

సీటు మీ ఎత్తుకి పెట్టుకోండి నాయుడుగారూ అన్నాడు బుజ్జిబాబు. అంతే. సన్యాసి టేపు తెచ్చి అన్నని కొలిచాడు. ఐదడుగుల ఆరంగుళాలు. కారు వచ్చిన పెట్టెలే కార్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, సరిగ్గా ఐదడుగుల ఆరంగుళాల ఎత్తున సీటు పెట్టారు. ఎర్రునాయుడు నిచ్చెనేసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఎదురింటి డాబా మీద ఎండేసిన వడియాలు కనిపించాయి గానీ స్టీరింగు కనిపించలేదు.

మళ్ళీ ఫోన్ చేస్తే, అదంతా కాదు, ముందు కాళ్ళకి పెడళ్ళు అందాలన్నాడు బుజ్జిబాబు. ఇంకేముంది, సన్యాసి పానా పట్టుకుని లోపలికి దూరి, మూడు పెడళ్ళూ ఊడదీసి పైకి అందించాడు. ఎడమకాలికి ఒకటి, కుడికాలికి రెండు, పురికొసతో కట్టేశారు. స్టీరింగు ఎప్పుడూ చేతిలోనే ఉండాలన్నాడు. అంతే, అదీ ఊడి నాయుడి చేతిలోకి వచ్చింది. వీపు సీటుకి అంటుకుని ఉండాలన్నాడు. అంత ఎత్తున కుట్టుపని కుదరదని సీటునీ నాయుణ్ణీ పెరట్లోకి దింపారు. పైడితల్లి గోనెసంచులు కుట్టే దబ్బనంతో మొగుడి చొక్కాని సీటుకి బిగించి కుట్టేసింది.

ఎర్రునాయుడు కాళ్ళాడించి చూశాడు, స్టీరింగు తిప్పి చూశాడు. ఎక్కడా ఒక్క అంగుళం తేడా లేదు. పుట్టి ఇన్నేళ్ళయినా ఇంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదనిపించింది. అన్నీ కుదిరాయని ఫోన్లో చెబితే బుజ్జిబాబు సంతోషించి, ఇంకేం, బయల్దేరండి అన్నాడు.

ఎర్రునాయుడు నడుం వంచి, వీపున సీటుతో, టకటకమని పెడళ్ళు చప్పుడు చేస్తుండగా బయల్దేరాడు.

పైడితల్లికి చిన్న అనుమానం వచ్చింది. "కారెక్కొద్దేటండీ?"

"బయల్దేరమన్నాడు. ఎక్కమన్నాడేటి?"

అంత చిన్న సంగతి తనకి తట్టనందుకు పైడితల్లి సిగ్గుపడింది. పక్క సీటు తనదే కాబట్టి మొగుడికి ఎడంవైపున చేరి, ఒద్దికగా చేతులు కట్టుకుని నడిచింది. సన్యాసి వెనక సీటయ్యాడు. తల్లిని వీపు మీదెక్కించుకుని వెనకాలే పరిగెత్తాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఎర్రునాయుడు స్టీరింగు తిప్పి, నోటితో హారన్ కొట్టాడు. పదికి ఇంకా ఐదు నిమిషాలుందనగా చేరిపోయారు. బస్సు కన్నా కుదుపు తక్కువేనంది నూకాలమ్మ.

చెల్లెలి మొగుడు ఎదురొచ్చి, దిగి లోపలికి రమ్మన్నాడు. వెనక సీటు వంగింది, ముసలమ్మ దిగిపోయింది. ముందు సీట్ల వాళ్ళిద్దరూ కదల్లేదు. దిగాలంటే తలుపు తియ్యాలి, తలుపులేమో ఇంటి దగ్గరుండిపోయాయి. సన్యాసి పరుగున పోయి ఒక తలుపు ఊడదీసి, నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. తీరా చూస్తే అది ఎడమ తలుపు. పైడితల్లి దాన్ని తెరుచుకుని దర్జాగా దిగి లోపలికి వెళ్ళింది.

ఈలోగా బాబుకి పేరు పెట్టడం అయిపోయింది. చెల్లెలు వాణ్ణి గుమ్మం దాకా ఎత్తుకొచ్చి, ఆ తలుపులోంచే నువ్వూ దిగు అన్నయ్యా అని బతిమాలింది. మేనల్లుణ్ణి ఎత్తుకోవాలని ఎర్రునాయుడికి ప్రాణం లాగేస్తోంది. కానీ డ్రైవరన్నవాడు కుడివైపు నుంచే దిగాలి.

పాపం సన్యాసి, కుడి తలుపు కోసం మళ్ళీ బయల్దేరాడు. ఎండ మండిపోతోంది. చెమటలు కక్కుతూ పోతున్న తమ్ముణ్ణి చూసి ఎర్రునాయుడికి జాలేసింది.

"ఇంత కారుండగా నడిచిపోతావేట్రా? ఎక్కు, నేను దింపుతాను."

సన్యాసి ఎడమ తలుపు తీసుకుని ఎక్కాడు, చప్పుడయ్యేలా వేసుకున్నాడు. నోటితో హారన్ కొట్టుకుంటూ, అన్నదమ్ములిద్దరూ ఎండలో ఇంటిదారి పట్టారు.