అంగడివీధి సందు

శిష్యులు ఏదైనా అడిగితే ఈశానరాశి పండితులు వెంటనే జవాబు చెప్పేవారు కారు. వారాల తరబడి ఊరుకునేవారు. అడిగినవాడు ఆ సంగతే మరిచిపోయాక, ఏ పొద్దుటిపూటో చేతికర్ర అందుకుని "పద" అనేవారు. ఎక్కడికని అడక్కుండా వాడు వెంట నడవాల్సిందే.

మాచన అడిగిన ప్రశ్న మాత్రం మరిచిపోయేది కాదు. అది అతను పుట్టిన ఊరి గురించి.

"స్వామీ, దేవిరేవును ఏ పాపం తినేసింది?" అని అడిగాడు ఒకనాడు మఠం ముంగిట కూర్చుని. గురువుగారు నోరు విప్పకముందే జవాబూ తనే చెప్పుకున్నాడు. "మావాళ్ల ఆశే తినేసింది. జానెడు నేల కోసం ఒకరినొకరు పీక్కుతిన్నారు. అది చూడలేక సముద్రం మొహం తిప్పుకుంది."

పండితులు విన్నారు.

దేవిరేవు ఒకప్పుడు ఉప్పుటేటి ఒడ్డున నాలుగు జాలరి గుడిసెలు. ఏరు లోతుగా ఉండటంతో ఓడలు లోపలిదాకా వచ్చేవి. కర్పూరం, పట్టు, గుర్రాలు దిగేవి. నేతబట్టలు ఎక్కేవి. చూస్తుండగానే సాలెల వీధి వెలిసింది, నూనె తీసే తెలికల వీధి వెలిసింది, కంసాలుల ఇళ్లు లేచాయి. రాజుగారి సుంకరులు వచ్చి కూర్చున్నారు. అంగడివీధిలో అరుగు వేసుకునేంత చోటు దొరకడం గగనమైంది. ఆ వీధిలో మాచన తండ్రి గుండిశెట్టిది బట్టల అంగడి. పక్కనే కొమ్మిశెట్టి సుగంధద్రవ్యాల అంగడి. రెండిళ్ల నడుమ ఒక సందు ఉంది. మూట మోసేవాడు పక్కకు తిరిగి నడిస్తే పట్టేంత సందు.

అది నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు. వర్తకుల సభకెక్కారు, గుడిలో ప్రమాణాలు చేశారు. ఒకరు గోడ పెడితే రెండోవారు కూలగొట్టారు. పొద్దున్నే అంగడి తలుపులు తీయడమూ తిట్లు మొదలుపెట్టడమూ ఒకేసారి జరిగేవి. మాచన తల్లి ముప్పమ్మ కన్నుమూసిన రోజున వీధి వీధంతా కదిలివచ్చింది గానీ కొమ్మిశెట్టి రాలేదు. అప్పుడే మాచనకు ఊరి మీద మనసు విరిగింది. కర్మకాండ ముగిసీ ముగియగానే మఠానికి వచ్చి పండితుల కాళ్ల మీద పడ్డాడు.

ఆ తరవాత కొన్నేళ్లకు ఏటి మొగలో ఇసుక మేట వేయడం మొదలైంది. తవ్వించారు. వరద రాగానే మళ్లీ పూడింది. ఓడలు ఉత్తరాన మరో రేవు చూసుకున్నాయి. ఓడల వెనక సాలెలు పోయారు, సాలెల వెనక తెలికలు పోయారు. చెవులు కుట్టించుకునే పిల్లలే లేని ఊళ్లో కంసాలులు మాత్రం ఏం చేస్తారు, వాళ్లూ పోయారు. ఈ కబుర్లన్నీ బాటసారుల నోట మాచన చెవిన పడుతూనే ఉన్నాయి. ఊరు మాత్రం అతను మళ్లీ చూడలేదు.

ఒక పొద్దుటిపూట పండితులు కర్ర అందుకుని "పద" అన్నారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి దేవిరేవు చేరారు. ఊరు వదిలి వెళ్లేవాళ్లు తలుపులు, దూలాలు ఊడబీకి బండ్ల మీద వేసుకుపోయారు. వీధి పొడవునా గోడలున్నాయి, గుమ్మాలు లేవు. ఒకప్పుడు భుజం తగలకుండా నడవలేని చోట మాచన నడిమధ్యన నడిచాడు. ఎదురొచ్చేవారు ఒక్కరూ లేరు.

గుండిశెట్టి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మడతపెట్టిన బట్టలు. విభూతి పూసుకుని వస్తున్న ఇద్దరినీ చూసి గబగబా లేచాడు. అతని మొహం వెలిగింది.

"రండి, రండి! ఏం చూపించమంటారు? మంచి నేత ఉంది, ముట్టుకుని చూడండి" అంటూ ఒక పంచె విప్పి మాచన చేతుల మీద పరిచాడు.

మాచన ఆ పంచెను అలాగే పట్టుకున్నాడు. "నాయనా, నేను. మాచనని" అన్నాడు చివరికి.

గుండిశెట్టి చాలాసేపు చూశాడు. "నువ్వా" అన్నాడు. చేతులకు మరో పని తోచక ఆ పంచెను మళ్లీ మడతపెడుతూ, "ఎంత చిక్కిపోయావురా. అన్నం తిన్నావా?" అని అడిగాడు.

ఇంతలో పక్కింట్లో సుత్తి చప్పుళ్లు వినబడ్డాయి. కొమ్మిశెట్టి ఇంటిముందు బండి నిలబడి ఉంది. కొత్త రేవులో స్థిరపడిన అల్లుడు పంపిన బండి అది. వడ్రంగి ద్వారబంధం ఊడదీస్తున్నాడు. కాసేపటికి కొమ్మిశెట్టి బయటికి వచ్చాడు. చేతిలో నీళ్ల చెంబు ఉంది. నడుము వంగిపోయింది. పండితులకు దండం పెట్టి, గుండిశెట్టి అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గుండిశెట్టీ, చెయ్యి పట్టు. స్వామి సాక్షిగా ఆ సందు నీకు ధారపోస్తున్నాను."

గుండిశెట్టి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకెందుకు? అది నీది."

"ఇన్నాళ్లూ నాదంటూ వచ్చావుగా?"

"అబద్ధమాడాను. మా తాతల నాటి నుంచీ అది మీదే. కావలిస్తే ఇప్పుడే అరుగు వేసుకో, రాళ్లు నేను మోస్తాను."

"నేను పోతున్నానయ్యా! అరుగు వేసుకుని ఏం చేసుకోను? పట్టు చెయ్యి!"

"పట్టను. నీది నువ్వు నా నెత్తిన రుద్ది పోతానంటే ఊరుకుంటానా?"

గొంతులు పెరిగాయి. నీదంటే నీదని ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి మీదికి ఒకరు వెళ్లారు. వడ్రంగి సుత్తి ఆపి చూశాడు. ఎక్కడినుంచో ఒక కుక్క పరుగెత్తుకొచ్చి మొరిగింది. మాచనకు ముందు నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఈ అరుపులకే నిద్ర లేచేవాడు. ఆ తరవాత అతనికి తండ్రి మొహం కనబడింది. నవ్వు ఆగిపోయింది.

కొమ్మిశెట్టి అలిసిపోయి గోడకు చేరబడ్డాడు. మాచన వంక తిరిగి మెల్లగా అన్నాడు. "మీ అమ్మ పోయిన రోజున నేను ఈ సందులోనే నిలబడ్డాను అబ్బాయీ. ముందుకొస్తే మీ నాయనకు లొంగినట్టవుతుందని రాలేదు. పాడె లేచేదాకా ఇక్కడే ఉన్నాను."

"తెలుసు" అన్నాడు గుండిశెట్టి. "నీ దగ్గు వినబడింది."

ఆ మాటతో కొమ్మిశెట్టి చేతిలోని చెంబు ఒరిగింది. చెంబు ఒరిగింది. నీళ్లు ఎవరి చేతిలోనూ పడలేదు. సందు మట్టిలో పడి ఇంకిపోయాయి. ఇద్దరూ ఆ తడి వంకే చూస్తూ నిలబడ్డారు.

తలుపులు బండికెక్కాయి. ఎక్కబోతూ కొమ్మిశెట్టి "వస్తా మరి" అన్నాడు. గుండిశెట్టి తల ఊపాడు. బండి వీధి మలుపు తిరిగి, ఇరుసు చప్పుడు వినబడకుండా పోయేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

"మాతో మఠానికి రా నాయనా" అన్నాడు మాచన.

"అంగడి ఎవరు చూస్తారు?" అని గుండిశెట్టి అరుగెక్కాడు. మడత చెరగని బట్టలనే ఒక్కొక్కటీ దులిపి మళ్లీ పేర్చసాగాడు.

పండితులు కదిలారు. మాచన తండ్రి కాళ్లకు మొక్కి వెంట నడిచాడు. ఊరి పొలిమేర దగ్గరికి వచ్చాక అతనికి దుఃఖం ఆగలేదు. "స్వామీ, నేనడిగిన దానికి మీరింకా ఏమీ చెప్పలేదు" అన్నాడు.

పండితులు ఆగి వెనక్కి తిరిగారు. అతను మోస్తున్న తమ జోలె కోసం చెయ్యి చాపారు.

"అది ఇలా ఇయ్యి. ఇక్కడినుంచి నేనొక్కణ్ణే పోతాను" అన్నారు. "రేపు పొద్దున్నే లేచి మీ నాయన ఎవరితో పోట్లాడతాడు, మాచనా?"