గోడకు చొక్కా

పెన్న ఒడ్డున ఖాదర్ బాబా మఠంలో, సాయంత్రం జికిర్‌కు ముందు దీపం వెలిగించే పని ఎవరికి పడితే వాళ్ళకు దక్కదు. అది దక్కినవాణ్ణి ఊళ్ళో అందరూ బాబా శిష్యుడంటారు. దక్కనివాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. దస్తగిరిని ఇన్నేళ్ళుగా పేరు పెట్టే పిలుస్తున్నారు.

ఈసారి ఎలాగైనా ఆ దీపం వెలిగించే అగ్గిపెట్టె తన చేతికి రావాలని పంతం పట్టాడు. అందుకు అతనికి దొరికిన దారి గోడ.

జికిర్ అంటూ అందరూ కూర్చుని దేవుడి నామం జపించే గదిలో పడమటి గోడ ఇటుకా సున్నంతో కట్టింది. వానాకాలం వస్తే చెమ్మ పట్టి, పెచ్చులూడి, కళ్ళు మూసుకున్నవాళ్ళ టోపీల మీద రాలేది. దాని మీద చెక్క పలకలు తొడుగుతానన్నాడు దస్తగిరి.

"నీకు వడ్రంగం వచ్చా?" అన్నాడు బాబా.

"నేర్చుకుంటా బాబా."

"ఎవరి దగ్గర?"

"గోడ దగ్గరే."

బాబా నవ్వాడు. వద్దనలేదు.

గోడ కఠినమైన గురువే. మొదటి మేకును వంచి పారేసింది. రెండో మేకును వదిలేసి, సుత్తి అతని బొటనవేలిని ఎంచుకుంది. మూడోది దిగిందని సంబరపడేలోపు దోసెడు సున్నంతో సహా ఊడి వచ్చింది. ఈ సంగతులన్నీ దస్తగిరే అందరికీ నవ్వుతూ చెప్పేవాడు, ఇంకొకరు ముందుగా చెప్పకుండా.

అయినా వదల్లేదు. ఇటుకల్లో బరమాతో రంధ్రాలు వేసి, వాటిలో చెక్కముక్కలు బిగగొట్టి, ఆ ముక్కల్లోకి మేకులు దించితే నిలుస్తాయని కనిపెట్టాడు. లోకంలో వడ్రంగులందరికీ తెలిసిన ఆ రహస్యాన్ని తానే కనిపెట్టానని చాలా రోజులు మురిసిపోయాడు. ముందు అడ్డబద్దలు కొట్టాడు. పలకలకూ గోడకూ మధ్య గాలి ఆడేలా సందు ఉంచి, బద్దల మీద నిలువుగా పలకలు బిగించాడు.

వంట చేసే ఖాసీంబీ అవ్వ గంటె పట్టుకునే వచ్చి చూసింది.

"గోడకు చొక్కా తొడిగినావే నాయనా! బాగుంది. జేబు పెట్టలేదేం?"

"గోడకు జేబెందుకవ్వా?"

"ఎందుకో నీకే తెలియాల."

దస్తగిరికి తెలుసు. గోడ నడుమ చిన్న గూడు ఉండేది. బాబాకు గురువైన పెద్దాయన కాలం నుంచీ దీపం అందులోనే. సరిగ్గా అక్కడికే, ఉన్నవాటిలోకెల్లా అందమైన టేకు పలక వచ్చింది. వానాకాలపు పెన్నలా పైనుంచి కిందిదాకా తెగని చారలు. గూటి కోసం దాన్ని కోయడానికి చేయి రాలేదు; గూడు పలక వెనక మూసుకుపోయింది. దీపానికేం, పీట మీదైనా వెలుగుతుంది అని తనకు తానే చెప్పుకున్నాడు, చాలా మర్యాదగా. ఆ పలకకు నూనె పట్టించి, ఎవరూ వేలు పెట్టకుండా కాపలా కూడా కాశాడు.

ఆ సాయంత్రం వచ్చినవాళ్ళంతా గోడ బాగుందన్నారు. దస్తగిరి తల వంచుకుని, చెవులు మాత్రం నిక్కబొడుచుకుని విన్నాడు.

బాబా దీపం వెలిగించి పీట మీద పెట్టాడు. గుమ్మంలోంచి గాలి వచ్చి ఆర్పేసింది. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరింది.

బాబా ఇంకోసారి వెలిగించి, ప్రమిదను అరచేతిలో పెట్టుకుని, రెండో చేయి అడ్డం పెట్టి, ఆ టేకు పలక పక్కనే, గూడు ఉన్న ఎత్తులో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"కానివ్వండి," అన్నాడు.

జికిర్ మొదలైంది. పెద్ద వయసు మనిషి. కాసేపటికి మోచేయి వణకసాగింది. వేడి నూనె ఒలికి మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పోయింది.

దస్తగిరి లేచి వెళ్ళాడు.

"ఇటివ్వండి బాబా, నేను పట్టుకుంటా."

"వద్దులే. ఇది గూటి పని. నేను చేస్తాలే. నువ్వు పోయి కూర్చో."

దస్తగిరి కూర్చోలేదు. బయటికి పోయి బరమా, సన్నరంపం తెచ్చాడు. కొలత తీయలేదు. బాబా దీపం పట్టుకున్న చోటే కొలత. పలక నడుమ రంధ్రం వేసి, పళ్ళు బిగబట్టి రంపం దూర్చాడు.

జికిర్ ఆగలేదు. మొదట అడ్డుపడ్డ రంపం చప్పుడు కాసేపటికి దాని లయలోనే పడింది. తొందరలో ఒక పక్క వంకర పోయింది. కోసిన ముక్క ఊడి రాగానే వెనక మసిబారిన పాత గూడు బయటపడింది.

బాబా దీపాన్ని అందులో పెట్టి, మణికట్టు తుడుచుకున్నాడు.

"చొక్కాకు జేబొచ్చింది," అంది ఖాసీంబీ అవ్వ గుమ్మం దగ్గరినుంచి.

"ఆ వంకర కనబడకుండా రేపు చుట్టూ పట్టీ కొడతా బాబా," అన్నాడు దస్తగిరి.

"దేనికి?" అన్నాడు బాబా. నడుము దగ్గర దోపుకున్న అగ్గిపెట్టె తీసి అతని చేతిలో పెట్టి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

గూటి అంచు దాటి, మసి మెల్లగా టేకు పలక మీదికి పాకింది. దస్తగిరి గుడ్డ పట్టుకుని సగం లేచాడు.

మళ్ళీ కూర్చున్నాడు.