జపాను కారులో గంట

గరువుపల్లి దొరగారికి ఓడలో దిగిన జపాను కారు ఒకటుండేది. అది పాతబడిపోయి విడిభాగాలు దొరక్కపోయినా, పైడయ్య మేస్త్రీ ఇనపముక్కల్ని ఆకురాయితో అరగదీసి అమరుస్తూ ఇరవై ఏళ్లుగా దాన్ని నిలబెడుతున్నాడు.

ఒకనాడు దొరగారి బావమరిది జగపతివర్మ ఆ కారుతో కుమ్మరి వీధిలో ఆరబెట్టిన కుండల మీదికి దూసుకుపోయాడు. కుండల పక్కనే కూర్చున్న ముసలమ్మ వెంట్రుకవాసిలో బతికింది.

"మెల్లగానే వస్తున్నాను బావగారూ. బ్రేకులు పడలేదు. పైగా దారి పొడుగునా లోపల ఏదో గంట మోగుతూనే ఉంది. బండిని వీడు పాడుచేశాడు, పనిలోంచి తీసెయ్యండి" అన్నాడు దొరగారితో, పైడయ్యను చూపిస్తూ.

పైడయ్య చేతులు తుడుచుకున్నాడు. "గంట బాగా మోగిందా బాబూ?"

"చెవులు చిల్లులు పడేలా మోగింది. మామిడితోపు దగ్గర మొదలైంది, గుద్దేదాకా ఆగితే ఒట్టు."

"దొరా, తమరొక్కసారి బండెక్కండి" అన్నాడు పైడయ్య.

సొట్టపడ్డ ఆ కారులోనే ఇద్దరూ ఏటిగట్టు మీది ఖాళీ రోడ్డుకు వెళ్లారు. వేగం ముల్లు నలభై దాటింది, ఎనభై దాటింది. ఏ చప్పుడూ లేదు. నూరు దాటగానే గంట టంగుటంగున అందుకుంది. పైడయ్య బ్రేకు తొక్కాడు. గంట ఊరుకుంది, కారు కుదురుగా ఆగింది.

"జోరు మితిమీరితే హెచ్చరించడానికి జపాను వాళ్లు పెట్టిన గంట దొరా" అన్నాడు.

దొరగారు వంగి వేగం ముల్లు కేసి చూశారు.

"ఇరవై ఏళ్లు నడిపాను కదరా. ఈ గంట సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"తమరికి చెప్పాల్సిన అవసరం దానికే రాలేదు దొరా. ఇక నేనేం చెప్పను?"