వర్జ్యం రాకముందే దించిన గ్రైండరు

"స్వామీ, ఒకడికి రాసిపెట్టి ఉన్న దెబ్బ మన గుమ్మంలో తగిలితే, ఆ దోషం మనకు అంటుతుందా?" అని చిదంబరయ్య అడిగాడు.

అడిగిన వెంటనే బదులు చెప్పే అలవాటు పరాంకుశస్వామికి లేదు. ఈ ప్రశ్న ఇవాళే ఎందుకు పుట్టిందా అని ముందు చుట్టూ చూస్తారు. ఆ రోజు చూస్తే ఆశ్రమం గేటు దగ్గర ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఎండ మొహాన పడుతున్నా పక్కకు జరగడం లేదు. ఆమె ఎవరని స్వామి అడిగితే, చిదంబరయ్య పంచాంగం పేజీలు తిప్పుతూ, "ఆ లారీ డ్రైవరు పెళ్లాం లెండి" అన్నాడు.

చిదంబరయ్య ఆశ్రమం వ్యవహారాలన్నీ చూసే శిష్యుడు. పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయినవాడు. శాస్త్రం మీద పట్టున్న మనిషి, పంచాంగం మీద ఇంకా గట్టి పట్టున్న మనిషి. కిందటి వారం ఎవరో భక్తుడు అన్నదానం వంటకని పెద్ద రాతి గ్రైండరు పంపించాడు. దాన్ని తెచ్చినవాడు పీరయ్య అనే డ్రైవరు. డ్రైవరు పని బండి తోలడం వరకే, సరుకు దించేది హమాలీలని లారీల సంగతి తెలిసిన ఎవరైనా చెబుతారు. ఆ పూట హమాలీలు మార్కెట్లో వేరే లోడు మీద ఉన్నారు. అన్నాలు తిని వస్తామని కబురు పంపారు.

చిదంబరయ్య పంచాంగం తీశాడు. వాళ్లు వచ్చేసరికి వర్జ్యం వచ్చేస్తుంది. కొత్త వస్తువు వర్జ్యంలో గడప దాటడమా! "నువ్వూ మన వంటవాడూ ఓ చెయ్యి వేసి లోపల పెట్టండి" అన్నాడు.

"ఇద్దరి వల్ల అయ్యే పని కాదయ్యగారూ. నలుగురు పట్టాల్సిన బరువిది. హమాలీలు వచ్చిందాకా ఆగుదాం" అన్నాడు పీరయ్య.

"స్వామి సొత్తు నాయనా, దానికి బరువేమిటి? గోవిందా అను, అదే లేస్తుంది."

ఆ వైపు డ్రైవర్లు బండికి నిమ్మకాయ కట్టకుండా ఊరు దాటరు. దేవుడి పేరెత్తాక వాళ్లకు కాదనడానికి నోరు రాదు. ఆ సంగతి చిదంబరయ్యకు తెలుసు, పీరయ్యకూ తెలుసు. గోవిందా అని ఇద్దరూ ఎత్తారు. మెట్లెక్కేటప్పుడు కింది వైపు పీరయ్య పట్టాడు. నడిమెట్టు మీద వంటవాడి చెయ్యి జారి బరువంతా కిందికి వచ్చింది. పీరయ్య అక్కడే వదిలేసి పక్కకు తప్పుకుంటే పోయేది గ్రైండరు రాయి ఒక్కటే. దేవుడి సొత్తు నేల పడకూడదని అతను వదల్లేదు. వంటవాడు మళ్లీ పట్టు దొరకబుచ్చుకునేదాకా, ఒక పక్కకు మెలి తిరిగిన నడుముతో అలాగే మోశాడు.

గ్రైండరు వర్జ్యం రాకముందే గడప దాటింది. చిదంబరయ్య కొబ్బరికాయ కొట్టి ప్రసాదం పెట్టాడు. కూర్చోలేక పీరయ్య దాన్ని నిలబడే తిన్నాడు. సాయంత్రం లారీ తీసుకుపోవడానికి వేరే డ్రైవరు రావలసి వచ్చింది.

స్వామి ఆమెను లోపలికి పిలిపించారు. పేరు నాసరమ్మ. చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చింది.

"మా ఆయన మంచం మీంచి లేవలేకుండా ఉన్నాడు సామీ. ఎడం కాల్లో చీమ కుట్టినా తెలవట్లేదంట. లారీ ఓనరేమో, పనిలో తగిలిన దెబ్బయితే నేనే పెద్దాస్పత్రిలో చూపిస్తాను, వీడు తాగి ఏడనో పడ్డాడు అంటన్నాడు. డ్రైవరు మూట ముట్టుకోడు గదా, నిన్నెవుడు ఎత్తమన్నాడని కసురుకున్నాడు. గ్రైండరు ఎత్తకముందు, హమాలీలు వచ్చిందాకా ఆగుదామని మా ఆయన అన్నాడంట. మేమే ఎత్తమన్నామని ఈ అయ్యగారు ఒక్కమాట చెబితే చాలు. మూణ్ణాళ్ల నుంచి గేటు కాడే కూకుంటన్నా."

చిదంబరయ్య గొంతు తగ్గించాడు. "చెబితే రేపు అది కేసవుతుంది స్వామీ. ఆశ్రమానికి మచ్చ. అయినా ప్రారబ్ధం ఎవరు తప్పించగలరు? అతని నడుముకు ఆ యోగం ఉంది, అది ఇక్కడ పండింది. మనం నిమిత్తమాత్రులం."

పదిమంది ఎదుట చెబితే భేష్ అనిపించుకునే మాటలే ఇవి. అవతల ఒక మనిషి కాలు చచ్చిపోతుంటే ఆ మాటలు అన్న నోటికి ఏం రుచి తగిలిందో నాకు తెలియదు. శాస్త్రం అంత చవగ్గా అమ్ముడుపోగా నేనెప్పుడూ చూడలేదు.

స్వామి కోప్పడలేదు. "ఇవాళ వర్జ్యం ఎప్పుడు?" అని అడిగారు.

"ఇంకాసేపట్లో వచ్చేస్తుంది స్వామీ."

"అయితే త్వరగా కానీ. ఆ గ్రైండరు వంటింట్లో వద్దు, మండపంలో పెట్టించాలి. నువ్వూ వంటవాడూ పట్టుకుని మెట్లు దించండి. కింది వైపు నువ్వు పట్టు."

చిదంబరయ్య లేచి కండువా నడుముకు బిగించాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. గ్రైండరు వంక చూశాడు, మెట్ల వంక చూశాడు. బిగించిన కండువా విప్పుకుంటూ తిరిగి వచ్చాడు.

"హమాలీలకు కబురు పెడతాను స్వామీ. నలుగురన్నా ఉండాలి. పలకలు వేసి, మోకు కట్టి, మెల్లగా జార్చాలి."

"ఈలోగా వర్జ్యం వచ్చేస్తుందే?"

"వస్తే వస్తుంది, పోతుంది. నడుము పోతే మళ్లీ వస్తుందా స్వామీ?"

అన్నాక గాని తనేమన్నాడో అతనికి వినపడలేదు. వంటవాడు తల దించుకున్నాడు. నాసరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

"ఈ అమ్మతో వెళ్లు" అన్నారు స్వామి. "ఇప్పుడు నాతో అన్నమాటే ఆ ఓనరుతో అను. ఎవరు ఎత్తమన్నారో కూడా చెప్పు."

చిదంబరయ్య మొహం పాలిపోయింది. పంచాంగం తీసి చూశాడు. "అలాగే వెళతాను స్వామీ. ఈ వర్జ్యం ఒక్కటీ దాటిందాకా ఆగుదాం" అన్నాడు.

స్వామి అతని చేతిలోని పంచాంగం తీసుకుని మూసి పక్కన పెట్టారు.

"ఆగుదామని పీరయ్య కూడా అన్నాడు" అన్నారు.